గ్లాసుల ఉన్నంతసేపు

నల్గొండ బస్టాండు ప్రహరీగోడకు ఆనుకొని బెంజమిన్ చాయ్ బండి, దాని పక్కనే అతని భార్య ఎస్తేరు కూరగాయల రసం బండి ఉండేవి. తెల్లారకముందే ఇద్దరూ వచ్చేవాళ్లు. అతను పాలు పొయ్యి మీద పెట్టి, అల్లం దంచి, గ్లాసులు కడిగి బోర్లించేవాడు. ఆమె ఇంటి దగ్గరే చెక్కు తీసి, ముక్కలు కోసి, తడిబట్టలో చుట్టి తెచ్చిన ఆనపకాయ, గాజర, బీట్రూటు, కీరలను డబ్బాల్లో సర్దుకొని, చేతితో తిప్పే రసం మిషనును బండి అంచుకు బిగించేది. మొదటి బస్సు హారను కొట్టేసరికి ఇద్దరి బండ్లూ తయారు.

రసం బండి పెట్టించింది భాగ్యశ్రీ. ఆమె ఎదురుగా ఉన్న ఆఫీసులో క్లర్కు. రెండేళ్ల కిందట బెంజమిన్ దగ్గర చాయ్ తాగుతూ, గిన్నెలు తోముతున్న ఎస్తేరుతో తన గోడు వెళ్లబోసుకుంది.

"దవాఖానల డాక్టరమ్మ రోజూ కూరగాయల రసం తాగుమన్నది ఎస్తేరక్కా. ఎప్పుడు తాగాలె? కడుగుడు, కోసుడు, మిక్సీ పట్టుడు, వడగట్టుడు, మళ్ల గా మిక్సీ కడుగుడు. గంట పని. గంత చేసి నోట్లె పోసుకుంటే గడ్డి నమిలినట్టుంటది."

రెండు రోజుల తర్వాత ఎస్తేరు ఒక గ్లాసు చేసి పెట్టింది. భాగ్యశ్రీ ముక్కు మూసుకొని తాగింది. మరునాడు ఎస్తేరు పాలకూర తగ్గించి పుదీన పెంచింది. బీట్రూటు మట్టివాసన పోవడానికి అల్లం, ఒక ఉసిరికాయ వేసింది. ఆనపకాయ ముక్క ముందు తన నాలుక మీద పెట్టుకొని, కొంచెం చేదు తగిలినా కాయంతా పారేసేది. చివర నిమ్మకాయ పిండి, వేయించిన జిలకర, చిటికెడు నల్లుప్పు చల్లేది. వారం తిరిగేసరికి భాగ్యశ్రీ ముక్కు మీద చెయ్యి పెట్టుకోవడం మానేసి, గ్లాసు అడుగున మిగిలిన చుక్కల కోసం తల వెనక్కి వంచడం మొదలుపెట్టింది.

రసం రుచి ఒక ఎత్తు. అందరినీ ఆ బండి దగ్గరికి తెచ్చింది మాత్రం ఇంకొకటి. ఎస్తేరు ఇచ్చిన గ్లాసులో రసం ఉన్నంతసేపు పొద్దు నడిచేది కాదు. కదలబోయే బస్సు కదలదు. ఆఫీసులో హాజరు వేసే వేలిముద్ర మిషను గడియారం ముందుకు పోదు. ఊరంతా ఎక్కడిదక్కడ ఆగి ఉంటే, తాగే మనిషీ ఎస్తేరూ ఇద్దరే తీరికగా నిలబడి ముచ్చట పెట్టుకోవచ్చు. గ్లాసు ఖాళీ కాగానే అన్నీ మళ్లీ నడిచేవి. ఇందులో వింతేముందని ఎవరూ అనుకోలేదు. "ఉరుకుల పరుగుల మీదున్నోళ్లకు మంచి సౌలత్" అన్నారు కండక్టర్లు. "గ్లాసుల ఉన్నప్పుడు చెప్పిన గదా" అని జనం మామూలుగా మాట్లాడుకునేవాళ్లు. ఎస్తేరు ఒకసారి ఒక్కరికే గ్లాసు ఇచ్చేది. అయినా ఆమె బండి దగ్గర ఎవరూ ఎదురుచూసింది లేదు. ఎంతమంది వచ్చినా అందరూ రెప్పపాటులో తాగిపోయేవాళ్లు.

ఆ రెప్పపాటే బెంజమిన్ పాణం తీసేది.

పక్కనే నిలబడి ఉంటాడు గదా, అతనికి కనిపించేది ఇంతే. ఎస్తేరు గ్లాసు అందిస్తుంది. కన్ను మూసి తెరిచేలోపు ఖాళీ గ్లాసు వెనక్కి వస్తుంది. ఆ మధ్యలో ఆమె ముఖం మారిపోయి ఉంటుంది. ఒకసారి నవ్వి నవ్వి ఆయాసపడుతూ కనిపిస్తుంది. ఒకసారి కళ్లు తుడుచుకుంటూ ఉంటుంది. ఒకరోజు దేవరకొండ బస్సు డ్రైవరు ఎల్లస్వామి గ్లాసు తిరిగిచ్చి పోగానే, బెంజమిన్ ఎన్నడూ వినని పాటొకటి ఆమె కూనిరాగం తీయసాగింది.

"గా పాట ఎప్పుడు నేర్చినవ్?" అని అడిగాడు.

"ఇప్పుడే. ఎల్లస్వామన్న నేర్పిండు."

ఇప్పుడే అంటే, అతను ఒక గ్లాసులో చాయ్ పోసి ఇంకో గ్లాసు అందుకున్నంత సేపు.

ఊళ్లో ఎవరి బిడ్డకు ఏ సంబంధం వచ్చింది, ఏ కండక్టరుకు తమ్ముడితో మాటల్లేవు, భాగ్యశ్రీ అత్త ఏ కూరకు ఏం వంక పెట్టింది, అన్నీ ఆమెకు తెలుసు. అదే బస్టాండులో ఇరవై ఏళ్లుగా చాయ్ పోస్తున్న బెంజమిన్‌కు మాత్రం ఎవరూ "ఒక చాయ్ అన్నా" కన్నా ఎక్కువ చెప్పింది లేదు. ఆమె పొద్దుగాల తొమ్మిదికే సద్ది విప్పేది. అతను తెచ్చుకున్న దానికి రెండింతలు తినేది. ఎన్ని గ్లాసులు పోస్తే అన్ని ముచ్చట్లు, అంత బతుకు. పెళ్లినాటికి అతనికన్నా ఆరేళ్లు చిన్నదైన మనిషి పాపిట ఇప్పుడు తెల్లబడింది. మొన్నొక ప్రయాణికుడు, "మీ అక్కనా?" అని అడిగాడు. తను పక్కన లేని ఏళ్లు తన భార్య తల మీద నెరుస్తున్నాయని బెంజమిన్‌కు అప్పుడే తట్టింది.

"నువ్వు గూడ ఒకపారి తాగరాదు?" అని ఆమె మొదట్లో చాలాసార్లు అడిగింది.

"నాకు కూరగాయల రసం పడదు" అనేవాడు. తన చాయ్ బండిని దాటి మంది ఆ రసానికి పోతుంటే, తను కూడా పోయి చెయ్యి చాపడం అతనికి నామోషీ అనిపించేది. అడిగీ అడిగీ ఆమె మానేసింది.

అందరి మీదా అసూయే గానీ, ముజఫ్ఫర్ సారు మీద ఉన్నంత ఇంకెవరి మీదా లేదు. ఆయన మర్రిగూడ దిక్కు ఒక బడిలో ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు నేర్పేవాడు. నున్నగా గీసుకున్న గడ్డం, ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ, జేబులో ఎప్పుడూ రెండు సుద్దముక్కలు. షుగరు ఉన్నదని రోజూ బస్సు ఎక్కే ముందు ఎస్తేరు దగ్గర ఒక గ్లాసు తాగేవాడు. ఆయన వెళ్లిపోయాక ఎస్తేరు చాలాసేపు తనలో తాను ఏదో గొణుక్కుంటూ, గాలిలో వేలు తిప్పుతూ ఉండేది.

"గా సారు ఎంతసేపు తాగుతడు?"

"గ్లాసు అయిపోయేదాంక."

"ఏం మాట్లాడుతడు?"

"నువ్వు తాగినప్పుడు నీతోటి ఏం మాట్లాడిన్నో నేను వాళ్లకు చెప్పను. వాళ్ల ముచ్చట నీకు చెప్పను" అంది ఎస్తేరు మామూలుగా, గాజర ముక్క మిషనులో తోస్తూ. తను ఎన్నడూ తాగలేదన్న సంగతి ఆమె మరిచిపోయిందో, కావాలనే అన్నదో బెంజమిన్‌కు అంతుబట్టలేదు. ఆ రోజంతా చాయ్‌లో చక్కెర ఎక్కువ పడుతూనే ఉంది.

మరునాడు ఎస్తేరు నీళ్లు తేవడానికి కొళాయి దగ్గరికి పోయినప్పుడు, బెంజమిన్ సంచిలో దాచి తెచ్చిన కాకరకాయల రసాన్ని ఆమె గిన్నెలో కుమ్మరించాడు. నాలుక మీద పెట్టలేనంత చేదు. సారు ఒక్క గుక్క తాగి ఉమ్మేస్తాడు, ఇక ఈ దిక్కు రాడు అనుకున్నాడు.

ముజఫ్ఫర్ సారు వచ్చాడు. "సలాం బెంజమిన్ భాయ్" అన్నాడు. ఎస్తేరు గ్లాసు అందించింది. బెంజమిన్ రెప్పవేసి తెరిచాడు.

సారుకు గుప్పెడు గడ్డం ఉంది. తెల్ల అంగీ మెడ దగ్గర మాసి, మోచేతుల దగ్గర నలిగి ఉంది. కీర డబ్బా, గాజర డబ్బా, ఉసిరికాయల బుట్ట, అన్నీ ఖాళీ. పొద్దున కట్టుకున్న ఎస్తేరు చీర రంగు వెలిసింది. వాళ్ల వెనక ప్రహరీగోడ, మనిషికి చెయ్యి అందేంత ఎత్తు వరకూ తెల్లటి సుద్దరాతలతో నిండిపోయి ఉంది.

"ఇయ్యాల జర చేదున్నది" అన్నాడు సారు గ్లాసు తిరిగిస్తూ. "పారబోస్తే ఎస్తేరమ్మ మనసు నొచ్చుకుంటదని కొద్దికొద్దిగ తాగిన." ఇంకా కదలని బస్సు ఎక్కి, కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆయన జేబులో సుద్దముక్కలు లేవు.

బెంజమిన్ గోడ ముందు నిలబడ్డాడు. వరుసలు వరుసలుగా రాతలు. కొన్ని వంకరగా, కొన్ని పొందికగా. కింది వరుసల్లో రెండు రకాల చేతులు కలిసిపోయి ఉన్నాయి. పరాయి మగవాడు తన భార్యకు ఏం రాశాడు, ఆమె తిరిగి ఏం రాసింది? అంతా కళ్ల ముందే ఉంది. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

బెంజమిన్‌కు చదువు రాదు. ఈ సంగతి నల్గొండలో ఎవరికీ తెలియదు, ఎస్తేరుకు కూడా. చిన్నప్పుడు మర్రిగూడ దగ్గరి పల్లెలో మేకలు కాసినవాడికి పలక ఎవరు కొనిస్తారు? ఆదివారం చర్చిలో కూర్చొని పాటలు, వాక్యాలు విని విని చెవులతోనే పట్టేశాడు. పెళ్లయిన మొదటి ఆదివారం పాటల పుస్తకం తెరిచి, ఒక పేజీ మీద వేలు పెట్టి, గడగడా చెప్పేశాడు. అక్షరం రాని కొత్త పెండ్లికూతురు అతని వైపు చూసిన ఆ చూపు ఉంది చూడండి, దాన్ని వదులుకోవడం అతని వల్ల కాలేదు. అప్పటినుంచి ప్రతి ఆదివారం అతను వేలు నడిపేవాడు, ఆమె ఆ వేలు చూస్తూ వెంట పలికేది. ఎక్కడికి పోయినా, ఎంతమంది మధ్య ఉన్నా, ఆ కాసేపు ఆమె తనది.

ఇప్పుడు ఆ గోడ మీద ఏముందో ఎవరినైనా అడుగుదామంటే, చదువొచ్చిన బెంజమినన్న ఎలా అడుగుతాడు? తడిబట్ట తీసుకొని గోడనంతా తుడిచేశాడు. ఎస్తేరు ఖాళీ డబ్బాలకు ఒక్కొక్కటిగా మూతలు పెడుతూ చూసింది.

"కాకరకాయ నువ్వే కలిపినవ్" అని మాత్రం అంది.

అతను తడిబట్ట పిండి బండి అంచు మీద ఆరేశాడు. ఆ రాతలకు కావలసినంత పొద్దు ఇచ్చింది తన చెయ్యేనని తలుచుకుంటే, రాత్రి కంచం ముందు నుంచి సగంలోనే లేచిపోయాడు.

ఆదివారం చర్చిలో ఎప్పటిలాగే పుస్తకం తెరిచి వేలు పెట్టాడు. పాట ఎత్తుకున్నాడు. రెండు వరుసలు పాడాడో లేదో, ఎస్తేరు మెల్లగా అతని వేలు పక్కకు జరిపి, రెండు పేజీలు తిప్పి, సరైన చోట తన వేలు పెట్టింది. తలెత్తి అతని వైపు చూడలేదు. పాట ఆపలేదు. చిన్నగా, ఒక్కో మాటా చూస్తూ పాడుతోంది.

బెంజమిన్‌కు పాట అక్కడే ఆగిపోయింది. చదువు నేర్చుకుంది. తను ఇన్నేళ్లు నటించినదాన్ని ఆ గడ్డం సారు ఆమెకు నిజంగా ఇచ్చాడు. సారు మీద మంట ఎక్కువో, తన బండారం ఆమెకు తెలిసిపోయిందన్న సిగ్గు ఎక్కువో చెప్పలేక, చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ప్రార్థన అయ్యాక పాస్టరయ్య వాళ్లను పిలిచాడు. "ఎస్తేరమ్మ పుస్తకం చూసి పాడుడు చూసిన. శాన సంతోషం. వచ్చే ఆదివారం పంట పండుగ గదా, మీ ఆలుమగలు ఇద్దరు చెరొక భాగం చదవాలె" అని రెండు చోట్ల గుర్తు కాగితాలు పెట్టి బైబిలు చేతిలో పెట్టాడు. "బెంజమినన్నకు కొత్తది ఇస్తున్న. గా భాగం మన చర్చిల ఎవ్వరు చదవంగ వినలె. అన్ని పేర్లే ఉంటయి, జర చూసుకో."

ఎన్నడూ వినని భాగం. చెవులు కాపాడలేని భాగం. సోమవారం జ్వరమని చెబుదామనుకున్నాడు. మంగళవారం ఊళ్లో ఎవరో పోయారని చెప్పి మర్రిగూడ బస్సెక్కుదామనుకున్నాడు. ఎస్తేరు దాని గురించి ఒక్క మాట ఎత్తలేదు. ఆమె మౌనం చూస్తే అతనికి ఇంకా ఒళ్లు మండేది. శుక్రవారం ముజఫ్ఫర్ సారు తాగి వెళ్లగానే నోరు జారాడు.

"గా సారును రేపటి సంది రావొద్దని చెప్పు."

"ఎందుకు?"

"నలుగురు ఏమనుకుంటరు?"

ఎస్తేరు మిషను తిప్పడం ఆపింది. "నలుగురు ఏమనుకుంటరో నాకెరుకే. నలుగురు వచ్చి చెప్తరు నాకు. నువ్వొక్కనివే రావు, నువ్వొక్కనివే చెప్పవు."

శనివారం మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. బస్టాండులో జనం పలుచబడ్డారు. భాగ్యశ్రీ గొడుగు వేసుకొని రోడ్డు దాటుతోంది. బెంజమిన్ పొయ్యి మీద పాలు అలాగే వదిలి, రెండడుగులు జరిగి, రసం బండి ముందు కొనుక్కునే మనిషి నిలబడే చోట నిలబడ్డాడు.

"ఒక గ్లాసు" అన్నాడు. ఆమె ముఖం చూడకుండా ఇంకో మాట కలిపాడు. "కాకరకాయ జర ఎక్కువెయ్యి."

ఎస్తేరు బండి కింద నుంచి, ఇంటికి కూరకని కొన్న కాకరకాయలు తీసింది. నిమ్మకాయ పిండలేదు, జిలకర చల్లలేదు. నిండుగా పోసి అందించింది.

మొదటి గుక్క గొంతులో దిగుతుండగా చప్పుళ్లన్నీ ఆగిపోయాయి. అతని చాయ్ గిన్నెలో పొంగిన నురగ అంచు దాటబోయి నిలిచింది. బస్సు వెనక నల్లపొగ దూదిలా ఆగింది. భాగ్యశ్రీ ఒక కాలు ఎత్తి రోడ్డు నడుమ ఉంది. ఇంత నిశ్శబ్దంలో ఎస్తేరు ఊపిరి అతనికి వినిపించింది. ఎన్నేళ్లయిందో ఆ చప్పుడు విని.

గ్లాసు బండి మీద పెట్టాడు.

"సారుతోటి గన్ని దినాలు ఇక్కడ ఎట్లున్నవ్?"

"సారు బస్సు ఎక్కి సీట్ల పండుకునేటోడు. నేను బండి కింద పండుకునేదాన్ని. లేచినంక అక్షరాలు."

"గోడ మీద ఏం రాసిండు?"

"మొదలు నీ పేరు రాసుడు నేర్పుమన్న. నేర్పిండు. అటెన్క నా పేరు. అటెన్క కూరగాయలన్ని." ఆమె వేలు నీళ్లలో ముంచి, బండి రేకు మీద మెల్లగా రాసింది. "గిదే నీ పేరు."

బెంజమిన్ వంగి చూశాడు. సంతకం ఒకటి బొమ్మ గీసినట్టు నేర్చుకున్నాడు గానీ, ఇది ఆ బొమ్మలా లేదు. ఎండకు తడి ఆరిపోలేదు, ఎండ కూడా ఆగి ఉంది కాబట్టి. ఆమె ముఖంలో నవ్వు ఉందేమో, వెక్కిరింత ఉందేమో అని వెతికాడు. లేదు. చెమట మాత్రం ఉంది.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నాడు.

"నువ్వు వేలు పెట్టిన కాడ, నువ్వు పాడే మాటలు లేకుండె."

"మరి అడగలె."

"నువ్వు తుడిచినవ్ గదా గోడ. అడిగితే నన్ను గూడ తుడిచేటోనివి." ఆమె మళ్లీ నీళ్లలో వేలు ముంచింది. "ఇది బ. అను."

అతను గ్లాసు ఎత్తి గడగడా తాగేసి బయటపడదామనుకున్నాడు. పెదవుల దాకా తెచ్చాడు. చేదు వాసన ముక్కుకు కొట్టింది. తాగేస్తే పొద్దు నడుస్తుంది, రేపు ఆదివారం వస్తుంది, ఇలా ఇద్దరే ఉండే చోటు ఇక దొరకదు. గ్లాసు దించాడు.

"బ" అన్నాడు.

అలా మొదలైంది. అది ఎన్నాళ్లు నడిచిందో లెక్కపెట్టడానికి అక్కడ తెల్లారడమూ లేదు, పొద్దుగూకడమూ లేదు. ఆకలైతే గాజర తిన్నారు, కీర తిన్నారు. నిద్ర వస్తే బండి కింద గోనెపట్టా మీద ఒకరి పక్కన ఒకరు పడుకున్నారు. లేస్తే అక్షరాలు. ఒత్తుల దగ్గర ఇద్దరికీ పెద్ద కొట్లాట అయింది. అతను అలిగి బస్టాండు ఆ చివరకు పోయి, ఆగిపోయిన మనుషుల మధ్య కూర్చొని వచ్చాడు.

"సారు గిట్లనే గద్దిచ్చిండా నిన్ను?" అని అడిగాడు వచ్చి.

"సారు ఎన్నడు గద్దియ్యలె."

"అయితే సారే మంచోడు."

"మంచోడే" అంది ఎస్తేరు. "గని సారుకు నీ తీరుగ పాట రాదు."

ఆ మాట బెంజమిన్ లోపల ఎక్కడో చల్లగా దిగింది. అసూయ పోయిందని కాదు. ఆ రోజు నుంచి ఇవాళ్టి వరకూ ముజఫ్ఫర్ సారు పేరు వింటే అతని చెయ్యి ఒకింత గట్టిగానే అల్లం దంచుతుంది. కానీ ఆమె ఎవరెవరితో ఏం బతికిందో, ఎవరి కోసం ఏడ్చిందో, దేనికి నవ్విందో అడిగే పొద్దు అతనికి దొరికింది. వాళ్ల ముచ్చట్లు ఆమె చెప్పలేదు. తన ముచ్చట మాత్రం అంతా చెప్పింది. అతను మేకల కాలం నుంచి మొదలుపెట్టి తనది చెప్పాడు. మధ్యమధ్యలో ఒక్కో చుక్క నాలుకకు తగిలించి, ముఖం చిట్లించి, గ్లాసు పక్కన పెట్టేవాడు.

డబ్బాల్లో కూరగాయలన్నీ అయిపోయాక, చివరి గుక్క తాగాడు.

భాగ్యశ్రీ ఎత్తిన కాలు దించి, రోడ్డు దాటి వచ్చింది.

"బెంజమినన్నా, చాయ్ పొంగుతాంది చూసుకో" అంది. అతని చెవుల మీద తెల్లబడిన జుట్టునూ, మాసిన గడ్డాన్నీ చూసి, "ఇద్దరు గ్లాసుల ఉన్నరా? మంచిగయింది" అని, తన నీళ్ల సీసా తీసి తాగమని ఎస్తేరుకు ఇచ్చింది.

పంట పండుగనాడు చర్చి నిండిపోయింది. ఎదురుగా బల్ల మీద గుమ్మడికాయలు, జొన్న కంకులు, పత్తి కాయలు పేర్చారు. ముందు ఎస్తేరు చదివింది. తర్వాత బెంజమిన్ లేచాడు. పుస్తకం తెరిచి గుర్తు కాగితం తీశాడు. మొదటి పేరు మీద వేలు పెట్టాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఒత్తు విడదీసుకొని, దీర్ఘం చూసుకొని, గట్టిగా పలికాడు. ఆగాడు. రెండో పేరు. మళ్లీ ఆగాడు. వెనక వరుసలో ఎవరో దగ్గారు. ఒక పేరు దగ్గర పూర్తిగా చిక్కుకుపోయి ఎస్తేరు వైపు చూశాడు. ఆమె అందించలేదు. చేతులు ఒళ్లో పెట్టుకొని, తొందరేమీ లేనట్టు కూర్చుంది. అతను మళ్లీ పుస్తకం మీదికి వంగి, ముక్కలు కూడబలుక్కొని, దాన్ని దాటాడు. అరపేజీ భాగానికి చాలాసేపు పట్టింది. పిల్లలు బయటికి ఉరికారు. అతను చివరి మాట దాకా చదివే దిగాడు.

మెట్ల దగ్గర పాస్టరయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఎప్పుడు నీళ్లు పారినట్టు చదివేటోనివి బెంజమినన్నా. ఇయ్యాల గట్ల ఆగి ఆగి చదివినవ్, పాణం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్న అయ్యా" అన్నాడు బెంజమిన్. "ఇయ్యాల్నే చదివిన."